రెండూ ఉంచు

కొల్లాపూర్ బస్టాండ్ ఎదురుంగ మా ఫ్లెక్సీల దుకాణం.
మొన్న గాలివాన రాత్రి కరెంటు ఎగిరి
పెద్ద డిస్కు టిక్కుటిక్కుమని మూలిగి సగం పోయింది.
మిగిలిన సగంల ఏమున్నయో
దానికే ఎరుక లేదు.

జొన్నల డబ్బాల దస్తీ చుట్టి దాచిన చిన్న డిస్కు
తెచ్చి తగిలించిన.
పోయినేడు ఉగాదికి తీసిన నకలు.
షట్టరు సగం దించి, చాయ్ చెప్పి కూసున్న.

పాత చోటనే పెట్టాల్నా, వేరే చోటనా? అన్నది.
పాత చోటనే.
కాసేపు దేవులాడి
పాత చోటు దొరకలేదన్నది.
నవ్వొచ్చింది.
కృష్ణ ఎనుకకు తన్నినప్పుడు
దర్వాజలు ఊడబెరికి బండ్లకెత్తుకున్నోళ్ళ పిల్లలం,
మాకు చెప్తున్నది.
ఎండాకాలం నీళ్ళు దిగితే మా నాయన ఇంకా పోతడు,
గోడల్లేని చోట నిలబడి
ఇది వంటిల్లు, ఇది గాబు అని
ఎవరూ అడగకున్నా చెప్పి వస్తడు.

వేరే చోటు, అని నొక్కిన.

తేదీలు పాతవే ఉండాల్నా? ఉండనీ.
దాచిపెట్టినవి కూడ తేవాల్నా?
చెయ్యి ఆగింది.
దాచినవంటే, లచ్చాగౌడు రెండో పెండ్లి కార్డు,
బాకీల పట్టిక,
నేను రాసి ఎవరికీ చూపని నాలుగు ముక్కలు.
తే. ఇక్కడ ఎవరున్నరు గనుక.

ఆకుపచ్చ గీత నత్తలెక్క పాకింది.
పుట్టినరోజులు, చీరలెత్తుడు పండుగలు,
ఓడిపోయిన వార్డు మెంబర్ల దండాలు,
"ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్ ఒట్టు".
నూటా పదకొండో కాడ నిలిచింది.

కురుమూర్తి అనే పేరుతో ఇక్కడ ఇదివరకే ఒకటి ఉన్నది.
దాని స్థానంల ఇది పెట్టాల్నా?

రెండు బొమ్మలు పక్కపక్కన చూపింది.
నకల్లది: మామిడి మండీ తెరిచిననాడు,
గులాబి అంగి, ఒక కన్ను కొంచెం చిన్నగ,
పేరు ముందల శ్రీ.
బతికిన సగంలది:
అదే అంగి, అదే నవ్వు, మెడల చామంతి దండ,
పేరు ముందల కీ.శే.
శ్రావణమాసం, రాత్రి రెండు దాటినంక.

అది చేసింది నేనే.
ఆయన తమ్ముడు ఇదే స్టూలు మీద కూసోని
వేరే ఫోటో లేదక్కా, దీన్నే సర్దు అన్నడు.
ఒక అక్షరం చెరిపి రెండు పెట్టిన.
పాతదాని మీదనే రాయాల్నా అని
ఆనాడు కూడ అడిగింది పాపం.
నిద్రమత్తుల అవునన్న.

నలభై దినాలకు బాలకిష్టమ్మ వచ్చింది.
దండ లేనిది ఉంటే తీయి బిడ్డా.
పొరలన్నీ కలిపేసినమమ్మా, ఊడదు అన్న.
దండ ఊడదా?
ఊడదు.
చెప్పులు తొడుక్కుంట మళ్ళొకసారి అడిగింది.

ఇప్పుడు తెర మీద,
ఏది తర్వాతిదైతే అది, అన్న మాట పక్కన
టిక్కు ముందే పెట్టుకోని ఉన్నది యంత్రం.
దాని లెక్క తప్పేం కాదు.
తర్వాత జరిగిందే జరిగింది గద.
టిక్కు తీసేసిన.
రెండూ ఉంచు.

మిగిలిన అన్నిటికీ ఇదే జవాబా?
కాదు. ఒక్కొక్కటి అడుగు.
నేనేడికీ పోత లేను.

గులాబి సిరా అడుక్కు వచ్చింది,
అంగి కొంచెం వెలిసినట్టు దిగింది కాయితం మీద.
ఆరేదాక ఆగి ఫోన్ చేసిన.

"దండ ఊడిందా బిడ్డా?"
"ఊడలేదమ్మా. ఇది ఎయ్యకముందుది."

అటుదిక్కు చాలాసేపు
మామిడికాయల లారీ చప్పుడే వినొచ్చింది.
ఇటు తెర మీద
నూటా పన్నెండోది, అడుగుతనే ఉన్నది.